ఆరిన్ పేరు మీద ఆట

మా ఊళ్ళో జనం ఏడాదంతా నెగ్గిన డబ్బు గురించి గొప్పలు చెప్పుకుంటారు. పన్నుల కాలం రాగానే అదే నోటితో ఓడిన డబ్బు గురించి గొప్పలు మొదలుపెడతారు. వేసవిలో జాక్‌పాట్ కొట్టి బారులో ఉన్నవాళ్ళందరికీ బీరు పోయించినవాడే, మార్చి నెలలో నా బల్ల ముందు కూర్చుని, "డార్లా, నా అంత దరిద్రుడు ఈ నది ఒడ్డున ఇంకొకడు లేడు, రాసుకో" అంటాడు. రాసుకుంటానుగానీ రుజువేదీ అంటే నీళ్ళు నములుతాడు.

నది అవతల నెవాడా, క్యాసినోలన్నీ అటు. ఇవతల అరిజోనా, మేమంతా ఇటు. బట్టలుతికే దుకాణానికి ఆనుకుని నా గది. చాలా ఏళ్ళుగా చలికాలమంతా అందులో కూర్చుని ఊరివాళ్ళ పన్ను లెక్కలు వేస్తున్నాను. నాకు ఓపిక తక్కువని ఊళ్ళో పేరు. నిజమే. పెద్ద మొత్తం నెగ్గినప్పుడల్లా క్యాసినోవాళ్ళు ఇచ్చే చీటీకి నకలు ముందే ప్రభుత్వానికి చేరిపోతుందని ఎన్నిసార్లు చెప్పినా, "ఆ చిన్న చీటీ వదిలేద్దాంలే" అనేవాళ్ళతో ఓపికగా ఎలా ఉంటారో నాకు తెలియదు.

వెర్లీన్ హాస్కెట్ అలాంటి మనిషి కాదు. ఒక్క చీటీ కూడా దాచేది కాదు. నీడిల్స్ అనే ఊళ్ళో బడిపిల్లలకి వంట చేసి రిటైరైంది. ఆవిడ భర్త ఆరిన్ సరుకు రైళ్ళ మీద కండక్టరు. ఇద్దరికీ పింఛన్లు వచ్చాక నది పక్కన ట్రెయిలర్ ఇల్లు కొనుక్కుని ఇక్కడికి వచ్చేశారు. పిల్లలు లేరు. ఏటా ఫిబ్రవరిలో ఇద్దరూ కలిసే వచ్చేవాళ్ళు. వెనకటి రోజుల్లో క్యాసినోలు చిల్లర పోసుకోవడానికిచ్చిన ప్లాస్టిక్ గ్లాసులో కాగితాలన్నీ చుట్టి పెట్టుకుని తెచ్చేవాడు ఆరిన్. మాట్లాడేది ఆయన. తప్పులు దిద్దేది ఆవిడ. ఎవరి లెక్కయినా తొందరగా తెమిల్చి పంపేసే నేను వీళ్ళిద్దర్నీ మాత్రం ఇంకాసేపు కూర్చోబెట్టుకునేదాన్ని.

వాళ్ళ ఆట గురించి ఒక్క ముక్క చెప్పాలి. క్యాసినోలో ఆడేవాళ్ళకి కార్డు ఇస్తారు. దాన్ని జూదం మెషీన్లో దూర్చి ఆడితే ఎంత పెట్టారు, ఎంత పోయింది అంతా ఆ పేరు మీద పడుతుంది. పాయింట్లు కూడతాయి, పాయింట్లు పెరిగితే భోజనం ఉచితం, గది ఉచితం. మా వైపు మొగుడూపెళ్ళాలు విడివిడిగా పాయింట్లు పోగుచేసుకోరు. ఒకే పేరు మీద రెండు కార్డులు తీసుకుని ఇద్దరూ దాని మీదే ఆడతారు, పై మెట్టుకి తొందరగా ఎక్కొచ్చని. హాస్కెట్లు ఆరిన్ పేరు మీద తీసుకున్నారు. మెలికల తాళ్ళతో కార్డులు చొక్కాలకి తగిలించుకుని పక్కపక్క మెషీన్ల ముందు కూర్చునేవాళ్ళు. రెండు తెరల మీదా 'స్వాగతం, ఆరిన్' అని పడేది. "నేనొకదాన్ని ఇక్కడ ఉన్నట్టు ఆ డబ్బాకి తెలియనే తెలియదు" అని వెర్లీన్ నవ్వేది.

ఒక ఏడాది అక్టోబరులో ఆరిన్ పోయాడు. పొద్దున లేచి కాఫీ కలుపుకుంటూ గుండె పట్టుకుని వంటగదిలోనే కూలబడ్డాడు. తర్వాతి ఫిబ్రవరిలో వెర్లీన్ ఒక్కతే వచ్చింది. భర్త పోయిన ఏటికి ఇద్దరి లెక్కా కలిపి వేసుకోవచ్చు కాబట్టి అలాగే వేసేశాను. అప్పుడు ఆవిడ పెద్దగా మాట్లాడలేదు, నేనూ మాట్లాడించలేదు.

గొడవంతా ఆ మరుసటి ఏడాది వచ్చింది. మొదటి పేజీలో మొదటి గడి దగ్గరే మొదలైంది. నేను 'ఒంటరి' పక్కన టిక్కు పెట్టాను. వెర్లీన్ కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని బల్ల మీదకి వంగి చూసింది.

"అదేంటమ్మాయ్?"

"ఒంటరి అండీ."

"నేను ఒంటరి కాదు. భర్త పోయినదాన్ని."

"ఆయన పోయిన ఏడు కలిపి వేశాం. ఈ ఏటి నుంచీ ప్రభుత్వానికి మీరు ఒంటరే. వేరే గడి లేదు."

"కాలేజీ పిల్లలు పెట్టుకునే టిక్కు కదూ అది?"

"నేనూ అదే పెట్టుకుంటాను."

"నీ సంగతి వేరు, నీ మొగుణ్ణి నువ్వే తరిమేశావు" అంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

గ్లాసులోంచి చీటీలు తీసి పరిచాను. పదిహేను దాకా ఉన్నాయి. ఆరిన్ ఉన్నప్పుడు ఏడాదికి ఒకటో రెండో ఉండేవి, చిల్లర పైసలతో ఆడే పెన్నీ మెషీన్ల మీద కూర్చునేవాళ్ళు కాబట్టి. ఇప్పుడిన్ని ఏమిటి అని అడిగితే, డాలరు మెషీన్ల మీదకి మారానంది. ఎందుకంటే అక్కడ జనం తక్కువట, పక్క కుర్చీ ఖాళీగా ఉంటుందట. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే ఆవిడకేమిటో నేను అడగలేదు.

నెగ్గింది మొత్తం ఇరవై రెండు వేల డాలర్ల పైచిలుకు. మా పన్నుల్లో ఉన్న మెలిక తెలియనివాళ్ళు, ఇరవై రెండు వేలు నెగ్గి ముప్పై వేలు ఓడితే చేతికేమీ మిగల్లేదుగా, ఇంక పన్నేమిటి అంటారు. ప్రభుత్వం అలా చూడదు. నెగ్గింది మొత్తం ఆదాయం కింద ముందు పేజీలో రాయాలి. ఓడింది వేరే పేజీలో, నెగ్గినంత వరకే, రుజువుంటేనే తగ్గించుకోవాలి. ముందు పేజీలో ఆదాయం పెరిగిందంటే అప్పటిదాకా పన్ను పడని పింఛనుకి కూడా పడుతుంది. వెర్లీన్‌కి ఓడింది చూపించకపోతే దాదాపు ఐదు వేలు కట్టాలి. చూపిస్తే సగానికి సగం తగ్గుతుంది. ఆవిడ పింఛను ట్రెయిలర్ జాగా అద్దెకీ, తిండికీ, మందులకీ సరిపోయాక మిగిలేది ఆ డాలరు మెషీన్లే మింగేస్తాయి.

"క్యాసినోవాళ్ళు ఇచ్చే ఏడాది లెక్క తెచ్చారా?"

"గ్లాసులో అడుగున ఉంది చూడు."

తీసి విప్పాను. ఎంత పెట్టింది, ఎంత వచ్చింది, ఎంత పోయింది, అన్నీ ఉన్నాయి. పోయింది ముప్పై ఒక్క వేలు. పైన పేరు ఆరిన్ జె. హాస్కెట్. మట్టిలో కలిసి ఏడాది దాటిన మనిషి వారానికి నాలుగు రోజులు వచ్చి ఆడి ముప్పై ఒక్క వేలు ఓడాడు.

నేను తల పట్టుకున్నాను. "వెర్లీన్, మీరింకా ఆయన కార్డు మీదే ఆడుతున్నారా?"

"అలవాటు."

"మీ పేరు మీద ఒకటి తీసుకోకూడదూ?"

"ఎప్పుడూ లేదుగా."

జాక్‌పాట్ పడినప్పుడు మనిషి గుర్తింపు కార్డు చూసి చీటీ రాస్తారు. అందుకని నెగ్గిందంతా వెర్లీన్ పేరు మీద ఉంది. ఓడిందంతా ఆరిన్ పేరు మీద ఉంది. ఇద్దరి లెక్కా కలిపి వేసినన్నాళ్ళూ అది నాకు అడ్డు రాలేదు. ఇప్పుడు ఆవిడ ఒంటరి గడిలో ఉంది, ఓటమంతా ఇంకొకళ్ళ పేరున ఉంది. ఆడినవన్నీ ఎక్కడైనా రాసుకున్నారా అంటే లేదంది. బ్యాంకు చీటీలున్నాయా అంటే, పింఛను రాగానే ఒక్కసారే తీసి పర్సులో పెట్టుకుంటానంది. ఆ కాగితం అలాగే జతచేసి పంపిస్తే, చచ్చిపోయినవాడు ఎలా ఆడాడమ్మా అని తిరుగు టపాలో ఉత్తరం వస్తుంది.

"దీనికి ఒకటే దారుంది. క్యాసినో కార్డుల కౌంటర్‌కి వెళ్ళి, ఆయన మరణ ధ్రువపత్రం చూపించి, ఆ తర్వాత ఈ కార్డు మీద ఆడింది నేనే అని చెప్పాలి. వాళ్ళు అదే మాట ఒక కాగితం మీద రాసిస్తే చాలు. ఇలాంటివి చాలా చోట్ల ఇస్తారు. నేను కూడా వస్తాను."

వెర్లీన్ చీటీలన్నీ ఒక్కొక్కటే చుట్టి మళ్ళీ గ్లాసులో పెట్టుకుంది. "చూద్దాంలే" అంది.

చూద్దాంలే అనే మాటంటే నాకు ఒళ్ళు మంట. ఆ వారంలోనే నేనే ఫోన్ చేసి, రేపు పొద్దున పడవ దగ్గర కలుద్దాం అన్నాను. కిందటేటి ఫైల్లోంచి ఆరిన్ మరణ ధ్రువపత్రం నకలు తీసి కవర్లో పెట్టుకున్నాను. అవతలి ఒడ్డుకి క్యాసినోవాళ్ళ పడవలే తీసుకుపోతాయి. పడవలో మేమిద్దరం, కిచకిచమంటూ ఓ పర్యాటకుల గుంపు. వెర్లీన్ లిప్‌స్టిక్ వేసుకుంది. నా గదికి వచ్చినప్పుడు ఎప్పుడూ వేసుకోగా చూడలేదు.

లోపల ఆ మోతలో నాకు ఐదు నిమిషాల్లో తలనొప్పి మొదలవుతుంది. వెర్లీన్ మాత్రం పుట్టింటికి వచ్చినట్టు నడిచింది. డాలరు మెషీన్ల వరస దాటుతుంటే, నడుముకి తాళాల గుత్తి వేలాడేసుకున్న ఒక భారీ మనిషి రెండు చేతులూ చాచి ఎదురొచ్చింది. జాక్‌పాట్ పడితే వచ్చి డబ్బు ఇచ్చే ఉద్యోగి. పేరు లుయెల్లా అని చొక్కా మీద ఉంది.

"మిస్ వెర్లీన్! రెండు రోజులైంది కనబడక. మిస్టర్ ఆరిన్ ఏడీ?"

"ఎక్కడుంటాడు, బఫే భోజనాల దగ్గర" అంది వెర్లీన్, రెప్ప వేయకుండా. "అక్కడ రొయ్యలు ఉన్నంతసేపూ ఆయన్ని కదిలించడం నా తరమా?"

"మళ్ళీ రొయ్యలేనా! డాక్టరు వద్దన్నాడని నువ్వేగా చెప్పావు?"

"నా మాట ఎప్పుడు విన్నాడు?"

"మొగాళ్ళంతా ఇంతే. నేనడిగానని చెప్పు. ఈసారి కూడా నాకు కనబడకుండా తప్పించుకుంటే ఊరుకోనని కూడా చెప్పు" అని నవ్వి, ఎక్కడో మెషీన్ మోగితే అటు వెళ్ళిపోయింది.

నా చేతిలో ఆరిన్ మరణ ధ్రువపత్రం ఉంది. వెర్లీన్ ముఖంలో, ఆయన బతికుండగా ఫిబ్రవరిలో నా గదికి వచ్చినప్పుడు ఉండే నవ్వు ఉంది. రెండూ ఒక్కసారి చూడలేక నేను కౌంటర్ వైపు తిరిగాను.

కౌంటర్ దగ్గర చిన్నపిల్ల, పళ్ళ వరసకి వేసిన తీగెలు కూడా ఇంకా తీయించుకోలేదు. ఈ కార్డు మీద ఆడింది ఈవిడే అని రాసిమ్మంటే కంప్యూటర్లో చూసి, "ఇది హాస్కెట్ గారి ఖాతా అండీ. వివరాలు మార్చాలంటే ఆయనే రావాలి" అంది.

వెర్లీన్ నా చేతిలోని కవరు కేసి చూసింది.

"ఆయన రాలేకపోతే ఫోన్ చేసినా సరిపోతుంది. ఒంట్లో బాగాలేదా?" అని ఆ పిల్ల మర్యాదగానే అడిగింది.

నేను కవరు తీసి కౌంటర్ మీద పెట్టబోయాను. వెర్లీన్ చెయ్యి నా చెయ్యి మీద పడింది. వంటచేసిన చెయ్యి, బలంగానే ఉంది. కవరుతో సహా నా చేతిని కౌంటర్ మీంచి కిందికి దించేసింది.

"ఆయన చేత ఫోన్ చేయిస్తానమ్మా" అని ఆ పిల్లకి చెప్పి బయటికి నడిచింది.

నది ఒడ్డున బెంచీ మీద కూర్చుంది. నేను కూర్చోలేదు. ఆవిడ ముందు నిలబడి దులిపేశాను. "సగం డబ్బు మిగిలేది! ఒక్క మాట చెబితే సరిపోయేది! ఆయన చేత ఫోన్ చేయిస్తారా? ఎక్కడి నుంచి చేస్తాడు?" దారిన పోయేవాళ్ళు తిరిగి చూశారు. వెర్లీన్ నా వైపు చూడకుండా అంతా విన్నది.

"అయిందా?" అంది.

"అయింది."

"అయితే కూర్చో."

కూర్చున్నాను.

"ఆయన పోయిన రెండో వారం. ఇంట్లో ఉండలేక ఇక్కడికి వచ్చాను. కార్డు పెడితే ఆయన పేరు పడింది. ఏడుపు తన్నుకొచ్చింది. అప్పుడే లుయెల్లా వచ్చి, ఒక్కదానివే ఉన్నావేమమ్మా, మిస్టర్ ఆరిన్ ఏడీ అంది. పోయాడని చెబుదామనే నోరు తెరిచాను డార్లా. ఒట్టు. బఫేలో ఉన్నాడు అని వచ్చేసింది." కాసేపు నీళ్ళకేసి చూసింది. "అనేశాక అబద్ధంలా అనిపించలేదు. లేచి వెళ్తే అక్కడ ప్లేటు పట్టుకుని నిలబడే ఉంటాడనిపించింది."

"వెళ్ళారా?"

"వెళ్ళలేదు. ఎందుకు వెళ్తాను?"

ఆవిడ మామూలుగానే చెప్పుకుపోయింది.

"మా ట్రెయిలర్ ఇళ్ళ పార్కులో అందరికీ తెలుసు. చర్చిలో తెలుసు. మొదటి నెలంతా వండి తెచ్చిపెట్టారు. తర్వాత ఎవరి గిన్నెలు వాళ్ళు పట్టుకుపోయారు. తప్పు పట్టను, మంచివాళ్ళే. ఆయన పేరెత్తితే నేను బాధపడతానని ఎవ్వరూ ఎత్తరు. నేనెత్తితే నేల చూపులు చూస్తారు. ఆరిన్ ఏడీ అని నన్ను అడిగేది అక్కడొక్క చోటే. అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్తాను. టైరుకి గాలి పట్టిస్తున్నాడనీ, కునుకు తీస్తున్నాడనీ. రాత్రే ఆలోచించుకుని పెట్టుకుంటాను, రేపు ఏం చెప్పాలా అని. ఆ కాగితం ఇచ్చానంటే కార్డు కత్తిరించి పారేస్తారు. లుయెల్లాకి తెలుస్తుంది. ఇంక ఈ భూమ్మీద నన్ను ఆ మాట అడిగేవాళ్ళు ఉండరు."

ఈవిడ మీద కోపం పోయింది, కానీ కోపం మాత్రం పోలేదు. ఎవరి మీదో తెలియలేదు. ఏడాదికి ఒక్కసారి వచ్చే మనిషి, ఆ ఒక్కసారీ నేను గడుల్లో టిక్కులు పెట్టి పంపేశాను. ఇంటికెళ్తే నాకోసం కూడా ఎవరూ ఉండరని నాకు తెలుసు. ఆ సంగతి ఆవిడకి చెప్పాలనిపించింది. చెప్పలేదు.

"ఐదు వేలు ఎక్కడినుంచి తెస్తారు?" అని మాత్రం అడిగాను.

"ఆయన పడవ ఉందిగా. మోటారూ, పడవని లాక్కెళ్ళే బండీ కూడా మంచి స్థితిలోనే ఉన్నాయి. ఎవరో ఒకరు కొనుక్కుంటారు."

"ఆరిన్ పడవ అమ్మేస్తారా? ప్రాణంలా చూసుకునేవాడు కదా!"

"చూసుకునేవాడు. పోయాక రోజూ వెళ్ళి అందులో కూర్చున్నాను. అందులో ఆయన లేడు."

ఇంకో మాట అనకుండా ఉండలేకపోయాను. "ఆ మెషీన్లకి మీరు పోసే డబ్బు మాటేమిటి మరి? అది మీకు తోడా, మిమ్మల్ని దోచుకోవడమా? వచ్చే ఏడు ఏం అమ్ముతారు?"

"పెన్నీ మెషీన్లకి మారతాలే" అంది వెర్లీన్. "వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు. ఈ ఏటికి మాత్రం కడతాను."

ఏప్రిల్లో గడువు దగ్గరపడ్డాక వచ్చింది. గది నిండా జనం, పన్నులు ఎగ్గొట్టే దారులు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. వెర్లీన్ తన వంతు వచ్చేదాకా గోడవార కూర్చుని, వచ్చాక బ్యాంకు చెక్కు తీసి నా ముందు పెట్టింది. పడవ కిందటి వారమే అమ్మేసింది. కొన్నది మా రోడ్డు చివర ఉండే కుర్రజంట. బేరం బాగానే వచ్చిందనీ, చుక్కాని కొంచెం ఎడమకి లాగుతుందని ముందే చెప్పాననీ అంది.

నెగ్గింది అంతా ముందు పేజీలో రాశాను. ఓడినదాని గడి ఖాళీగా వదిలేశాను. ఇన్నేళ్ళలో దారి ఉండి కూడా ఆ గడి ఖాళీగా వదిలి అంత పన్ను కట్టించింది ఎవరి చేతా లేదు. పద్ధతి ప్రకారం చూస్తే నేను చేసింది చెత్త పని. ఒంటరి పక్కన టిక్కు ఉన్న పేజీ కింద ఆవిడ సంతకం పెట్టింది. ఈసారి ఆ టిక్కు గురించి ఏమీ అనలేదు.

కాగితాలు మడిచి ఇస్తూ నా ఫీజు తీసుకోనన్నాను. వినలేదు, ఇచ్చి పర్సు మూసుకుంది. ప్లాస్టిక్ గ్లాసు చంకలో పెట్టుకుని లేచింది.

ఆ రెండు నెలలూ నేను ఆవిడ గురించే ఆలోచించాను. ఆ మాట అడిగేవాళ్ళు ఒక్క లుయెల్లానే ఎందుకుండాలి, నేనూ అడగొచ్చుగా అనుకున్నాను. ఇంట్లో ఒకసారి పైకే అని చూసుకున్నాను కూడా, గొంతు మామూలుగా వస్తుందా లేదా అని. అందుకే ఆవిడ తలుపు దాకా వెళ్ళగానే, కుర్చీలోంచే, వీలైనంత తేలిగ్గా పిలిచాను.

"అవునూ వెర్లీన్, ఇవాళ ఆరిన్ ఏడీ?"

తలుపు పిడి మీద చేయి వేసి ఆగింది. వెనక్కి తిరిగింది. ఒక్క క్షణం ఏదో చెప్పబోతున్నట్టే పెదాలు కదిలాయి. నేను ఎదురుచూశాను. తర్వాత ఆవిడ ముఖం మెత్తబడింది. బడిలో పళ్ళెం కింద పడేసుకున్న పిల్లని చూసినట్టు నన్ను చూసింది.

"నువ్వొద్దులే డార్లా" అంది. "నీకు తెలుసుగా."